మరియమ్మ గూట్లో పాదం

ఫ్లోరెన్స్, శాన్ ఫ్రెదియానో పేట
ఏప్రిల్ 1958

అర్జియా అత్తకి,

నువ్వు రైలెక్కిన సాయంత్రమే మన సందు గోడలోని మరియమ్మ గూట్లో దీపం వెలిగించాను. ముందు ఈ సంగతి చెప్పకపోతే మిగతా ఉత్తరం నువ్వు స్థిమితంగా చదవవని తెలుసు. ముక్కాలిపీట వేసుకుని, నీ తాళంచెవితో జాలీ తలుపు తీసి, కొత్త వత్తి వేసి నూనె పోశాను. గోడ మీది బొమ్మకి గుడ్డ తగలనివ్వలేదు. నువ్వు చెప్పినట్టే ఈకతో దుమ్ము దులిపాను. ఎదురింటి కిటికీలోంచి బెప్పా పెద్దమ్మ అంతా చూస్తూనే ఉంది.

“నూనె అంత పోశావేంటే? మరియమ్మకి దీపం పెడుతున్నావా, వంకాయలు వేయిస్తున్నావా?” అంది.

“అయితే మీరే వచ్చి పెట్టండి పెద్దమ్మా.”

“నేనెందుకమ్మా, చదువుకున్నదానివి నువ్వున్నావుగా!” అని కిటికీ ధడాలున వేసేసింది. నువ్వు ఊళ్ళో లేవన్న కోపం నా మీద చూపిస్తోందని అనుకున్నాను.

ఇంకో సంగతి. నా గైడు లైసెన్సు వచ్చింది. కార్డు మీద నా ఫోటో, నా పేరు, కింద ముద్ర ఉన్నాయి. నాన్న దాన్ని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి, కొట్లోకి వెళ్ళి, బూట్లకి వాడే మంచి తోలుతో దానికో చిన్న సంచీ కుట్టి తెచ్చాడు. మన ఇంట్లో పుస్తకం పట్టుకుని బడికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే కదా. ఆ సంచీ మెడలో వేసుకుంటే మీ అందరి బరువూ మోస్తున్నట్టుంటుంది.

కానీ పని అనుకున్నంత సులువుగా లేదు. తెంపెస్తీ గారి కంపెనీ నాకిచ్చే గుంపులు పొద్దున్నుంచీ చర్చీలూ మ్యూజియంలూ తిరిగి, మధ్యాహ్నానికి నా చేతికొస్తాయి. అప్పటికే వాళ్ళ కళ్ళు నిండిపోయి ఉంటాయి. నేను పరీక్షకి చదివినదంతా వరసగా చెప్పుకుపోతాను. ఏ బొమ్మ ఎవరు వేశారు, ఎవరు వేయించారు, ఏ సంవత్సరం. నిన్న ఒక ఇంగ్లీషు దొరసాని నిలబడే కునుకు తీసింది. తెంపెస్తీ గారు నన్ను పక్కకి పిలిచి, “అమ్మాయ్, తేదీలు సమాధుల మీద ఉంటాయి. నువ్వు నాలుగు కబుర్లు చెప్పు, చాలు” అన్నారు.

దీనా వదిన ఎలా ఉంది? కాన్పయ్యేదాకా మంచం దిగొద్దన్న డాక్టరు మాట వింటోందా?

నీ ఇసోలినా


వియారెజ్జో
మే

ఏమే చదువుకున్న పిల్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే కదా, వంటింటి బల్ల మీద పిండి పరిచి, నీ చిన్న వేలితో రాసి చూపిస్తూ. కాబట్టి తప్పులుంటే నిన్ను నువ్వే తిట్టుకో.

దీనా మంచం దిగడం లేదు కానీ నోరు మాత్రం మూయడం లేదు. దిండు ఎత్తుగా ఉందంటుంది, తీస్తే పల్లంగా ఉందంటుంది. ఈ బిడ్డ బయటపడే లోపల నేను సముద్రంలో పడతానేమో. రోజూ చేపలే. తిని తిని నాకు పొలుసులు మొలిచేలా ఉన్నాయి.

బెప్పా మాట పట్టించుకోకు. కానీ నూనె తక్కువే పొయ్యి, ఆవిడ చెప్పింది నిజమే. తాళంచెవి ఎప్పుడూ నీ మెడలోనే ఉండాలి. నూనెకీ ఈకకీ తప్ప ఆ తలుపు తెరవొద్దు. గాలికి కూడా తెరవొద్దు. మరీ ముఖ్యంగా బొమ్మ కిందిభాగంలో చెయ్యి తగలకుండా చూసుకో. ఎందుకని అడక్కు, చెప్పింది చెయ్యి.

కబుర్లు చెప్పమన్నాడా మీ పెద్దమనిషి? ఆ విద్య నీకెవరూ నేర్పక్కర్లేదులే. మీ నాన్నకి చెప్పు, సంచీ తెల్లదారంతో కుట్టాడా నల్లదారంతో కుట్టాడా రాయమని. నాకిక్కడ తోచడం లేదు.

అత్త


ఫ్లోరెన్స్
జూన్

అత్తకి,

నల్లదారమే.

ఇక్కడంతా బాగానే ఉంది. దీపం ఒక్క పూట కూడా తప్పలేదు. గూటి దగ్గర ఈ మధ్య పూలు ఎక్కువగా ఉంటున్నాయి. పాతవి తీసి పారేయడమే ఒక పనైపోయింది. మన సందులోకి కూడా ప్రయాణికులు కొందరు వస్తున్నారు. వానొస్తే చూరు కింద నిలబడతారు కదా, అలా మొదలైంది. నిలబడ్డవాళ్ళు బొమ్మ చూస్తారు. మొన్న ఒక అమెరికన్ అమ్మాయి, “ఈ బాల యేసు కాలేంటి ఇంత పెద్దది? పైగా బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు” అని నవ్వింది. రోజూ చూస్తున్న బొమ్మే అయినా నేనది ఎప్పుడూ గమనించలేదు.

కంపెనీలో నాకు మంచి పేరొచ్చింది. తెంపెస్తీ గారు మిగతా గైడ్ల ముందు నన్ను మెచ్చుకున్నారు. ఇప్పుడు నా గుంపులో ఎవరూ కునుకు తియ్యడం లేదు.

బెప్పా పెద్దమ్మ కులాసాగా ఉంది. వేరే విశేషాలు లేవు.

ఇసోలినా


వియారెజ్జో
జూన్ చివర

ఇసోలినా,

రొట్టెల్లో పేగుల కూర పెట్టి అమ్మే బండి వాడి పెళ్ళాం జైరా పిల్లల్ని సముద్రానికి తీసుకొచ్చింది. నన్ను చూడగానే ఒకటే పొగడ్త. మన సందు చివర వాళ్ళ బండి పెట్టాక రొట్టెలు మధ్యాహ్నానికే అయిపోతున్నాయట. “మీ ఇసోలినా పుణ్యమే” అంది. “మీ మరియమ్మ ఇప్పుడు మొక్కులు తీరుస్తోందటగా!” అంది.

ఏ మొక్కులే? పెళ్ళి కాకముందు నుంచీ ఆవిడకి దీపం పెడుతున్నాను. నాకు ఒక్క పంటినొప్పి కూడా తగ్గించలేదు.

జైరా ఇంకో మాట కూడా అంది. జాలీ తలుపు బార్లా తీసి ఉంటుందట, జనం వరసలో నిలబడి లోపల చెయ్యి పెడుతున్నారట.

నువ్వేమో “వేరే విశేషాలు లేవు” అని రాశావు. చిన్నప్పుడు పంచదార డబ్బా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని వచ్చి ఇదే మొహంతో ఇదే మాట చెప్పేదానివి.

రాయి.

అత్త


ఫ్లోరెన్స్
జులై

అత్తా,

మూడు కాగితాలు చింపేశాను. ఇది కూడా చింపేలోపు పోస్టులో వేసేస్తాను.

మే నెలలో ఒకరోజు గుంపుతో చర్చికి వెళ్తుంటే వాన పట్టుకుంది. అందర్నీ మన సందులోకి తీసుకొచ్చి చూరు కింద నిలబెట్టాను. ఒక ముసలాయన గూడు చూసి, ఇదెవరు వేశారని అడిగాడు. తెలియదని చెప్పాలి. నిజంగా ఎవరికీ తెలియదు. కానీ వాళ్ళు తడిసిపోయి, అలిసిపోయి, ఇక ఏది చూపించినా వద్దనేలా ఉన్నారు. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. ఈ వీధిలో ఒక తల్లి ఉండేదని, కొడుకు యుద్ధానికి వెళ్తే రోజూ పొద్దున్నే వచ్చి ఈ బాల యేసు పాదం ముట్టుకునేదని, వాడు క్షేమంగా తిరిగొచ్చాడని, అప్పట్నుంచీ దూరాన ఉన్నవాళ్ళ కోసం ఇక్కడివాళ్ళు ఈ పాదం ముట్టుకుంటారని చెప్పాను. పాదమే ఎందుకంటే, జాలీలోంచి వేళ్ళు అక్కడిదాకానే అందుతాయి. అంతకు మించి కారణం లేదు.

ఆ ముసలాయన టోపీ తీశాడు. ఆయన లావు వేళ్ళు జాలీలో దూరలేదు. నా మెడలో నీ తాళంచెవి ఉంది.

తీశాను అత్తా. నేనే తీశాను.

మర్నాటి గుంపుకీ చెప్పాను. తర్వాత తెంపెస్తీ గారు మన గూడుని గుంపులు తిరిగే దారిలో చేర్చేశారు. ఇప్పుడు మిగతా గైడ్లు కూడా వాళ్ళ గుంపుల్ని తెస్తున్నారు, నాకంటే బాగా చెబుతున్నారు. ఒకతను ఆ తల్లికి పేరు కూడా పెట్టాడు. నేను లేనప్పుడు జనం వచ్చి వెనక్కి పోతున్నారని, పగలంతా తలుపు తీసే ఉంచమన్నారు. ఉంచాను. పాదం రంగు రాలిపోతోంది. మొదట బొటనవేలు మసకబారింది. ఇప్పుడు అక్కడ తెల్లటి మచ్చ ఉంది.

నేను నిద్రపోలేకపోతున్నది మాత్రం ఇందుకు కాదు. తలుపు తీసి ఉండడం మొదలైన కొన్నాళ్ళకి, పొద్దున్నే నేను రొట్టె కోసం బయటికొస్తే బెప్పా పెద్దమ్మ గూటి ముందు ఉంది. నన్ను చూడలేదు. లోపలికి చెయ్యి పెట్టి, ఆ పాదం మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు నిలబడింది. మర్నాడూ అంతే. ఇప్పుడు రోజూ వస్తోంది.

వాళ్ళబ్బాయి వాస్కో రష్యా యుద్ధానికి వెళ్ళి ఏమయ్యాడో తెలియదని మన సందులో ఎవరికి తెలియదు? ఆచూకీ లేదన్న కాగితం తప్ప ఆమె దగ్గర ఏమీ లేదు కదా. కథ చెప్పేటప్పుడు ఆమె నా మనసులో లేదని నీకు ఒట్టేసి చెప్పాలని ఉంది. కానీ ఒట్టు వెయ్యలేను. యుద్ధానికి వెళ్ళిన కొడుకు అనే మాట నాకు ఎక్కడ దొరికిందనుకున్నావు? ఎదురింటి కిటికీలోనే దొరికింది.

ఇన్నేళ్ళ తర్వాత ఆమె మళ్ళీ ఎదురుచూడడం మొదలుపెట్టింది. నా వల్ల. వెళ్ళి చెబుదామని రెండుసార్లు ఆమె మెట్లదాకా వెళ్ళాను. వాన పడుతోంది కాబట్టి ఒక అబద్ధం చెప్పాను పెద్దమ్మా అని ఎలా చెప్పను?

నన్ను తిడుతూ ఉత్తరం రాయి. తిట్టకుండా మాత్రం రాయకు.

ఇసోలినా


వియారెజ్జో
జులై

తాళం వెయ్యి. ఈ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్ళి వెయ్యి.

ఇంకెవరి కోసమూ తియ్యకు. మీ తెంపెస్తీ అడిగితే తాళంచెవి అర్జియాదని, అర్జియా మంచిది కాదని చెప్పు.

బెప్పా దగ్గరికి నువ్వే వెళ్ళాలి. నేను చెప్పాల్సిన సంగతి ఒకటుంది కానీ అది నాది కాదు, ఆవిడది. ఆవిడ చెబితే వింటావు, లేకపోతే లేదు. దీనాకి కాళ్ళు వాచాయి, లేకపోతే ఈపాటికి రైల్లో ఉండేదాన్ని.

తిట్టమన్నావుగా. తిట్టడానికి నాకు రాసే ఓపిక లేదు. వచ్చాక నోటితోనే తిడతాను.

అత్త


ఫ్లోరెన్స్
ఆగస్టు

అత్తకి,

తాళం వేశాను. తెంపెస్తీ గారు మొదట నవ్వారు, తర్వాత నవ్వలేదు. జనం ఇంకా వస్తున్నారు. జాలీలోంచి వేళ్ళు దూర్చి, అందినంత మేర గోకుతున్నారు. చిన్న చేతులున్నవాళ్ళకి ఇంకా అందుతోంది.

బెప్పా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తాను. ఆమె ఇప్పుడు ముక్కాలిపీట తెచ్చుకుని, ఎక్కి, సన్నటి వేళ్ళు లోపలికి దూరుస్తోంది. నేను కిటికీ వెనక నిలబడి చూసి, ఆమె వెళ్ళాక బయటికొస్తున్నాను. ఎంత పిరికిదాన్నో చూడు.

కానీ ఒక మంచి పని చేశాను. పాత బొమ్మల్ని కాపాడే ఆఫీసుకి రాశాను, మా వీధిలో గోడబొమ్మ పాడవుతోంది, వచ్చి చూడండని. ఎవరి వల్ల పాడైందో రాయలేదు. నిన్న ఒక ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఆయన చెప్పింది విని నా గుండెల మీద నుంచి సగం బరువు దిగిపోయింది.

ఆ పాదం పాతది కాదట అత్తా! మరియమ్మా, బిడ్డా నాలుగు వందల ఏళ్ళ నాటివట. తడి సున్నం మీద వేసినవి కాబట్టి రంగు గోడలోకి ఇంకిపోయిందట, అంత తేలిగ్గా రాలదట. పాదం ఒక్కటే ఈ మధ్య ఎవరో అతికించారట. పొడి గోడ మీద గుడ్డుసొనలో కలిపిన రంగుతో. అందుకే చెయ్యి తగిలితే రాలిపోతోంది. “ఎవడో ఇళ్ళకి సున్నాలు వేసేవాడి పని. చంటిబిడ్డకి అయిదేళ్ళ పిల్ల కాలు పెట్టాడు చూడండి” అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. అంటే నా వల్ల విలువైనదేదీ పోలేదు. పోయింది ఒక సున్నాలవాడి కాలు.

సెప్టెంబరులో పిల్లల లాంతర్ల పండగ అయిపోయాక ఆయన వచ్చి, ఆ మిగిలిన రంగు కూడా గీకేసి, కింద శుభ్రంగా సున్నం పూస్తారట. అప్పుడు ముట్టుకోవడానికి పాదమే ఉండదు, జనమూ రారు. అన్నీ సర్దుకుంటాయి. బెప్పా పెద్దమ్మకి కూడా, ఆ పాదం పాతది కాదని, అందులో మహిమేమీ లేదని ఇన్‌స్పెక్టరు గారి మాటగా చెబితే తేలిగ్గా ఉంటుందేమో. ఏమంటావు?

చాలా రోజుల తర్వాత ఈ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాను.

ఇసోలినా


వియారెజ్జో
ఆగస్టు చివర

ఇసోలినా,

దీనాకి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఆ కబుర్లు తర్వాత.

నేను చెప్పకూడదనుకున్నాను. నువ్వు నవ్వానని రాశాక ఇక చెప్పక తప్పదు.

ఆ సున్నాలవాడు వాస్కో.

యుద్ధం మొదలైన ఏడాది బొగ్గులబండి వెనక్కి తోలుతూ ఒకడు గూడుని గుద్దేశాడు. బండి కొయ్య వెళ్ళి సరిగ్గా బిడ్డ కాలికి తగిలింది. మడమ దగ్గర్నుంచి పెళ్ళ ఊడి కింద పడింది. అప్పటి ఫాదరు గారి సంగతి నీకు తెలియదు. ఆయనకి తెలిస్తే గూటికి అడ్డంగా పలకలు కొట్టించి, కమిటీ వేసి, ఆ కమిటీ ఇప్పటికీ కూర్చునే ఉండేది. వాస్కో అప్పుడు ఇళ్ళ గోడలకి రంగు అంచులు వేసే మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. “అర్జియత్తా, ఎవరికీ చెప్పకు, ఆదివారం అందరూ ప్రార్థనకి వెళ్ళినప్పుడు నేను వేసేస్తాను” అన్నాడు. తడి సున్నం మీద వెయ్యడం వాడికింకా నేర్పలేదు. గుడ్డుసొన కావాలన్నాడు. ఆ రోజుల్లో గుడ్డంటే మాటలా? బెప్పా దగ్గర ఒకే ఒక్క కోడి. “నీకు పెట్టకుండా దాచిన గుడ్డురా, గోడకి పెడతావా?” అని తిట్టి తిట్టి, చివరికి తనే పగలగొట్టి సొన వేరుచేసి ఇచ్చింది.

మరి వాడికి చూసి వెయ్యడానికి పసిబిడ్డ కాలు ఎక్కడ దొరుకుతుంది? సందులో ఆ రోజు ప్రార్థనకి వెళ్ళని పిల్లవి నువ్వొక్కదానివే, దగ్గు వచ్చిందని. బెప్పా వంటింట్లో కుర్చీ మీద కూర్చోబెట్టి నీ బూటు విప్పాం. వాడు నీ కాలు కాగితం మీద గీసుకుంటుంటే కితకితలని ఒకటే నవ్వు, ఒకటే తన్నడం. చివరికి బెప్పా నీ మడమ రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. “దీని పక్కవేలు బొటనవేలి కంటే పొడుగేంట్రా?” అంటే, “ఉన్నది ఉన్నట్టే వేస్తానమ్మా” అన్నాడు.

మరుసటి ఏడే వాణ్ణి తీసుకుపోయారు.

నీకు గుర్తుంటుందేమో అనుకునేదాన్ని. లేదని తర్వాత తెలిసింది. బెప్పా ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదు. తుడిచే గుడ్డా, తడీ, చెయ్యీ ఏదీ తగలకూడదని ఇన్నేళ్ళూ ఈకతో దులిపింది అందుకు.

ఆవిడ నీ కథ నమ్మి వస్తోందనుకున్నావా?

పాప కోసం ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి. నువ్వేం చెయ్యాలో నన్నడక్కు.

అత్త


ఫ్లోరెన్స్
సెప్టెంబరు, పండగ వెళ్ళాక

అత్తా,

నీ ఉత్తరం చదివి బూటు విప్పి చూసుకున్నాను. తర్వాత ఎదురింటి మెట్లెక్కాను. ఈసారి మధ్యలో ఆగలేదు.

బెప్పా పెద్దమ్మ చిక్కుడుగింజలు ఒలుస్తోంది. “కూర్చో. చేతులు ఊరికే పెట్టుకోకు” అని సగం కాయలు నా ఒళ్ళో పోసింది. ఒలుస్తూనే అంతా చెప్పాను. వాన, కథ, తాళంచెవి, ఇన్‌స్పెక్టరు గారి ముందు నవ్వడం కూడా.

“నాకు తెలుసులే. మా సందులో పుట్టి మాకే కథలు చెబుతావా?” అంది.

“మరి రోజూ పొద్దున్నే వచ్చి...”

“నీ జనం రాకముందే రావాలిగా. వాళ్ళొచ్చి పోయాక చూస్తే ఏ రోజుకా రోజు కొంచెం తగ్గేది. ఉన్నప్పుడే చెయ్యి పెట్టుకుందామని.”

“నన్నెందుకు తిట్టలేదు పెద్దమ్మా? ఒక్క మాట చెబితే ఆ రోజే ఆపేసేదాన్ని.”

ఆమె నా వైపు చూడకుండా తొక్కలు ఒక పక్కకి నెట్టింది. “తిడితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను నిన్ను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదే.”

అందుకని ఏడవకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. నిజం చెప్పేస్తానన్నాను. వచ్చిన ప్రతి గుంపుకీ, ఆ కథ అబద్ధమని, ఈ పాదం వేసింది వాస్కో అని, ఇన్‌స్పెక్టరు గారికి కూడా చెప్పి దాన్ని కాపాడతానని అన్నాను.

అప్పుడు కోపం వచ్చింది ఆమెకి. “వాడి పేరు నీ నోట రానివ్వకు. విన్నావా? ఇది విన్నారంటే ఇంకా ఏడుస్తారు, ఇంకా వరస కడతారు. ఒక కథ అమ్మావు, చాలు. నా కొడుకుని కూడా చూపించకు.”

సరిదిద్దుకోవడానికి నాకున్న ఒక్క దారి అదే అనుకున్నాను. అదీ మూసేసింది. మూయడానికి ఆమెకి హక్కుంది.

పండగ సాయంత్రం పిల్లలు ఎప్పటిలాగే కాగితపు లాంతర్లు కర్రలకి కట్టుకుని గూటి కిందకి వచ్చారు. దీపం నుంచి పుల్ల వెలిగించి ఇచ్చాను. గొట్టాలతో మట్టి ఉండలు ఊది, లోపలి కొవ్వొత్తులు పడగొట్టి, మగపిల్లలు సగం లాంతర్లు అక్కడే తగలబెట్టేశారు. బెప్పా పెద్దమ్మ కిటికీలోంచి అందర్నీ పేరుపేరునా తిట్టింది. నాకైతే రెండు రోజుల్లో పాదం గీకడానికి రాబోయే కత్తి తప్ప ఏమీ కనబడలేదు.

ఇన్‌స్పెక్టరు గారు చెప్పిన పొద్దునే వచ్చారు. తలుపు తియ్యమన్నారు. తీశాను. మడమా, చివరి రెండు వేళ్ళూ మాత్రం మిగిలి ఉన్నాయి. ఆయన చిన్న కత్తి తీసేసరికి వెనక నుంచి, “దాన్ని ముట్టుకోకు నాయనా” అని వినిపించింది. బెప్పా పెద్దమ్మ, చేతులు తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకుని.

“అమ్మా, ఇది అసలు బొమ్మలోది కాదండీ. ఎవరో తర్వాత వేశారు.”

“తెలుసు.”

“మీకెలా తెలుసు?”

“గుడ్డు నాది.”

సందంతా నవ్వింది. “గుడ్డు కోడిది కదే బెప్పా!” అని జైరా బండి దగ్గర్నుంచి అరిచింది. బెప్పా పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కత్తికీ గోడకీ మధ్య వచ్చి నిలబడింది. ఆయనకేమీ అర్థం కాలేదు. నా మెడలో కార్డు చూసి, “మీరు చదువుకున్నవారు. దీని సంగతేమిటో మీరు చెప్పండి” అన్నారు.

ఒక్క పేరు చెబితే ఆయన కత్తి లోపల పెట్టేసేవారని నాకు తెలుసు. మంచివాడే. ఆమె నా వైపు చూస్తోంది.

“సంగతి చెప్పే హక్కు నాకు లేదండీ” అన్నాను. “నాకు చెప్పే హక్కున్నది ఒక్కటే. దీన్ని పాడుచేసింది నేను. ఎవరో అని మీకు రాశాను. ఎవరో కాదు. కట్టుకథ చెప్పి, నా చేత్తో ఈ తలుపు తీసి, రెండు నెలలు జనంతో రుద్దించాను. నా తప్పు మీద సున్నం పూయకండి. ఇలాగే ఉండనివ్వండి.”

అప్పుడెవరూ నవ్వలేదు. నాన్న కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు కత్తి మడిచారు. ఈ ఏడాదికి వదిలేస్తానన్నారు, మళ్ళీ ఏడాది సంగతి తెలియదన్నారు. నేను చెప్పింది మాత్రం రాయక తప్పదన్నారు. కార్డు ఆయనే అడిగి తీసుకున్నారు. సంచీ ఖాళీగా మెడలో ఉండిపోయింది. సాయంత్రం నేను దాన్ని తీయబోతే నాన్న, “ఉండనీ, తాళంచెవి పెట్టుకో” అన్నాడు.

తెంపెస్తీ గారు వేరే గైడుని పెట్టుకున్నారు. అతను మన సందుకి ఇంకా గుంపుల్ని తెస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడి, అది నేను కల్పించిందని చెబుతున్నాను. కొందరు నమ్మరు. ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, “నీకేం తెలుసమ్మా, నువ్వు చిన్నదానివి” అంది. ఆ కథ ఇక నా మాట వినదు అత్తా.

కార్డు పోయిన రోజు సాయంత్రం, దీపం వెలిగించే వేళకి బెప్పా పెద్దమ్మ నన్ను లోపలికి పిలిచింది. వంటింట్లో కుర్చీ చూపించి, “బూటు విప్పు” అంది. విప్పాను. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, నా కాలు ఒళ్ళోకి తీసుకుని, మడమ రెండు చేతుల్తో పట్టుకుంది. ఒక్కో వేలే చూసింది. పక్కవేలి దగ్గర ఆగి, “సరిగ్గానే వేశాడు” అంది.

కాలు లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. ఆమె వదిలేదాకా అలాగే కూర్చున్నాను. ఆ రోజు గూట్లో దీపం ఆలస్యంగా వెలిగింది.

ఇసోలినా